ఆకుపచ్చ పోటు - కంటికి ఆనని జీవుల కష్టం

ఊరి చెరువును గుర్రపుడెక్క కమ్మేయడం మనలో చాలామందిమి చూసే ఉంటాం. మొదట ఒక మూల నాలుగు మొక్కలు కనబడతాయి. ఎవరూ పట్టించుకోరు. కొన్ని నెలలు గడిచేసరికి చెరువంతా పచ్చగా నిండిపోతుంది. రోడ్డు మీద బస్సులో పోయేవారికి అది పచ్చని తివాచీ పరిచినట్లు అందంగానే ఉంటుంది. ఆ పచ్చదనం కింద ఏముందో చేపలు పట్టుకుని బతికేవారికి, గొడ్లను నీళ్ళకు తోలుకెళ్ళేవారికి మాత్రమే తెలుస్తుంది.

ఇలాంటిదే సముద్రంలో జరుగుతుందా? చెరువుకు గట్టు ఉంది, సముద్రానికి లేదు, కాబట్టి అక్కడ సాధ్యం కాదని అనిపిస్తుంది. కానీ జరుగుతోంది. చైనాకు తూర్పున ఉన్న పసుపు సముద్రంలో 2007 నుంచి ఏటా వేసవిలో పచ్చ నాచు విపరీతంగా పెరిగి నీటిపై తేలుతూ తీరానికి కొట్టుకువస్తోంది. మన పుస్తకాల్లో 'శైవల మంజరి' అని చదువుకునేది ఇలాంటి దానినే. ఒడ్డుకు పోటులా వచ్చిపడుతుంది కనుక దీనిని ఆకుపచ్చ పోటు అని కూడా అంటారు.

నాచు అందరికీ కనబడుతుంది. దాని కింద నీటిలో బతికే జంతు ప్లవకాలు ఎవరికీ కనబడవు. ఈ వ్యాసంలో మనం ఆ కనబడని జీవుల సంగతి తెలుసుకుందాం.

ఒలింపిక్స్‌కు ముందు వచ్చిన ఆపద

2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్ క్రీడలు జరిగాయి. తెరచాప పడవల పోటీలకు మాత్రం పసుపు సముద్రపు ఒడ్డున ఉన్న చింగ్‌దావ్ నగరాన్ని ఎంపిక చేశారు. జూన్ నెలాఖరుకు పోటీలు జరగవలసిన నీటిలో దాదాపు మూడో వంతును పచ్చ నాచు కప్పేసింది. సైనికులు, వాలంటీర్లు, మత్స్యకారులు కలిసి పది వేల మందికి పైగా దిగారు. వెయ్యికి పైగా పడవలు పనిచేశాయి. పది లక్షల టన్నులకు మించి నాచును ఎత్తి పారబోశారు. ఒక లారీకి పది టన్నుల చొప్పున లెక్క వేస్తే అది లక్ష లారీల నాచు!

పోటీలు సకాలంలో జరిగాయి. ప్రపంచం ఆ సంగతి మరచిపోయింది. నాచు మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. 2021లో ఉపగ్రహ చిత్రాలను బట్టి లెక్కిస్తే నాచు కప్పిన మేర 1,700 చదరపు కిలోమీటర్లు దాటింది. అప్పటివరకు అక్కడ నమోదైన వాటిలో అదే అతి పెద్దది.

ఈ నాచు ఏమిటి? ఎక్కడి నుంచి వస్తుంది?

దీని శాస్త్రీయ నామం ఉల్వా ప్రోలిఫెరా. ఉల్వా మనకు కొత్తది కాదు. విశాఖపట్నం సముద్రతీరంలో రాళ్ళకు అంటుకుని పల్చని పచ్చ ఆకుల్లా ఊగుతూ కనబడేది ఈ ప్రజాతికి చెందిన ఉల్వా ఫేసియేటా. ప్రోలిఫెరా మాత్రం ఆకులా కాకుండా కొమ్మలు వేసిన సన్నని గొట్టాల్లా ఉంటుంది. గొట్టం గోడ మందం ఒకే ఒక్క కణం. లోపల వాయు బుడగలు చేరతాయి కాబట్టి నీటిపై తేలుతుంది. పాత పుస్తకాల్లో దీని పేరు ఎంటిరోమార్ఫా అని ఉంటే కంగారు పడవద్దు. జన్యు పరిశోధనల వల్ల ఎంటిరోమార్ఫా, ఉల్వా ఒకే ప్రజాతి అని 2003లో తేలింది.

చింగ్‌దావ్‌కు దక్షిణాన జియాంగ్సు రాష్ట్ర తీరంలో సుబెయ్ అనే లోతులేని ఇసుక మేటలు ఉన్నాయి. అక్కడి రైతులు కర్రలు పాతి, తాళ్ళు, వలలు కట్టి 'నోరి' అనే ఎర్ర నాచును సాగు చేస్తారు. అన్నాన్ని చుట్టుకుని తినే పల్చని కాగితం లాంటి తిండి దానితోనే తయారవుతుంది. ఆ తాళ్ళకు, కర్రలకు పిలవకుండానే పచ్చ ఉల్వా కూడా పట్టుకుంటుంది. వసంతకాలంలో పంట అయిపోయాక రైతులు సామాన్లు ఒడ్డుకు చేరుస్తూ ఆ ఉల్వాను గీకి అక్కడే నీళ్ళలో వదిలేసేవారు. వరి చేలో తీసిన కలుపును గట్టు మీద ఎండబెట్టకుండా కాలవలో పడేస్తే ఏమవుతుంది? కింది పొలాలవారి మీద పడుతుంది. ఇక్కడా అదే జరిగింది.

అయితే విత్తనం ఒక్కటీ ఉంటే చాలదు, ఎరువు కూడా కావాలి. పొలాల నుంచి, పట్టణాల మురుగు నుంచి, చేపల, రొయ్యల చెరువుల నుంచి నదుల ద్వారా నత్రజని, భాస్వరం తీరపు నీటిలో చేరుతున్నాయి. దక్షిణపు గాలులు, ప్రవాహాలు ఆ నాచును ఉత్తరానికి తోస్తాయి. దారి పొడవునా అది పెరుగుతూనే ఉంటుంది.

పెరుగుదల వేగాన్ని మన లెక్కల పాఠంతో చూద్దాం. ఎండ, వేడి, పోషకాలు అనుకూలిస్తే ఈ నాచు రోజుకు నూటికి ఇరవై వంతులు కూడా పెరగగలదు. ఈ రోజు ఒక టన్ను ఉంటే రేపు 1.2 టన్నులు, ఎల్లుండి 1.44 టన్నులు. నాలుగు రోజుల్లో రెట్టింపు దాటుతుంది. అదే వేగం కొనసాగితే ఇరవై రోజుల్లో దాదాపు 38 టన్నులు. చక్రవడ్డీ అంటే ఇదే. మొదట్లో చిన్నదిగా కనబడే అప్పు చివరికి ఇల్లు ఎలా మింగుతుందో మన ఇళ్ళలో పెద్దలకు తెలుసు.

జంతు ప్లవకాలంటే ఎవరు?

నీటి ప్రవాహానికి ఎదురీదలేక దానితోపాటు కొట్టుకుపోయే జీవులను ప్లవకాలు అంటారు. సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకునే సూక్ష్మ శైవలాలు వృక్ష ప్లవకాలు. వాటిని తిని బతికేవి జంతు ప్లవకాలు.

నారికురుపు పాఠంలో 'సైక్లాప్స్' గురించి చదివే ఉంటారు. మంచినీటి బావుల్లో, చెరువుల్లో ఉండే ఆ చిన్న జీవి ద్వారానే నారికురుపు పురుగు మనిషికి సోకేది. నీళ్ళను గుడ్డలో వడగట్టి తాగడం అలవాటు చేసి ఆ వ్యాధిని తరిమేశారు. 2000 సంవత్సరంలో మన దేశానికి నారికురుపు లేదన్న గుర్తింపు వచ్చింది. ఆ సైక్లాప్స్ కోపిపాడ్ అనే వర్గానికి చెందినది. సముద్రంలోని జంతు ప్లవకాల్లో ఎక్కువ భాగం ఈ కోపిపాడ్‌లే. రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టాలు.

పసుపు సముద్రంలో ముఖ్యమైన కోపిపాడ్ పేరు కెలానస్ సైనికస్. పెద్దదైతే సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం. గుడ్డు పొదిగాక నాప్లియస్ అనే పిల్లదశలు ఆరు, ఆ తరువాత కోపిపోడైట్ దశలు దాటితే గాని పెద్దది కాదు. నెత్తళ్ళ జాతి చేపలు దీనిని ఇష్టంగా తింటాయి. ఆ నెత్తళ్ళను పెద్ద చేపలు తింటాయి. ఆ రెండింటినీ మనిషి తింటాడు.

ఇది చైనాకే పరిమితమైన సంగతి కాదు. మన తీరంలో నెత్తళ్ళు, కవళ్ళు, కానాగుర్తలు కూడా ప్లవకాల మీదే బతుకుతాయి. కానాగుర్త శాస్త్రీయ నామంలో మన తెలుగు మాటే ఉంది - రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నం చేపల గురించి 1803లో వెలువరించిన గ్రంథంలో మన జాలరుల పేర్లనే నమోదు చేశాడు. వాటిలో ఒకటి ఇలా ప్రపంచమంతటికీ చేరింది.

మూడు దశలు - మూడు రకాల ప్రభావం

నాచు మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో అడిగితే జవాబు దొరకదు. అది ఏ దశలో ఉంది అని అడగాలి.

మొదటి దశ: పెరిగేటప్పుడు. నాచుకూ, వృక్ష ప్లవకాలకూ కావలసినవి ఒకటే - నత్రజని, భాస్వరం, వెలుతురు. ఉల్వా గొట్టం గోడ ఒకే కణం మందం కనుక ప్రతి కణం నేరుగా నీటి నుంచి పోషకాలను పీల్చుకుంటుంది. పంక్తిలో ముందు కూర్చున్నవాడే గిన్నె ఖాళీ చేస్తే చివర కూర్చున్నవాడికి ఏం మిగులుతుంది? వృక్ష ప్లవకాలు తగ్గుతాయి. పైగా ఉల్వా విడుదల చేసే కొన్ని రసాయనాలు చుట్టూ ఉన్న సూక్ష్మ శైవలాల పెరుగుదలను అణచివేస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు. కోపిపాడ్ నాచు గొట్టాన్ని కొరికి తినలేదు. దానికి కావలసింది తన నోటికి పట్టే సూక్ష్మ శైవలం. కాబట్టి చుట్టూ టన్నులకొద్దీ పచ్చదనం ఉన్నా దానికి తిండి దొరకదు. తిండి తగ్గితే ఆడ కోపిపాడ్ పెట్టే గుడ్లు కూడా తగ్గుతాయి.

రెండవ దశ: తేలేటప్పుడు. నాచు దట్టంగా పరుచుకుంటే కింద నీడ పడుతుంది. నీడలో కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. పగలు నాచు ఆక్సిజన్‌ను వదులుతుంది, నీటిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల నీటి క్షారగుణం పెరుగుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, శ్వాసక్రియ ఒక్కటే సాగి, నీటిలోని ఆక్సిజన్ తగ్గుతుంది. అంటే ఒకే రోజులో నీటి గుణం ఇటునుంచి అటు ఊగుతుంది.

ఈ దశలో అందరికీ నష్టమే అనుకోకూడదు. తేలే నాచు కొన్ని చిన్న జీవులకు ఇల్లు. ఆంఫిపాడ్ అనే రొయ్య లాంటి పురుగులు ఆ గొట్టాలను పట్టుకుని, వాటినే కొరికి తింటూ, చేపల కంట పడకుండా దాక్కుంటాయి. వాటి సంఖ్య పెరుగుతుంది. నష్టపోయేది తెరిచిన నీటిలో స్వేచ్ఛగా ఈదే జీవులు. అందువల్ల మొత్తం జీవుల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. ఏవి పెరిగాయి, ఏవి తగ్గాయి అని విడివిడిగా చూడాలి.

మూడవ దశ: కుళ్ళేటప్పుడు. అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. జూలై, ఆగస్టు నాటికి నీరు వేడెక్కి నాచు చచ్చి, కొంత ఒడ్డుకు చేరి, కొంత అడుగుకు దిగుతుంది. బాక్టీరియా దానిని కుళ్ళబెడుతూ ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఒక లీటరు గాలిలో సుమారు 275 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 25 డిగ్రీల వేడి ఉన్న ఒక లీటరు సముద్రపు నీటిలో కరిగేది 7 మిల్లీగ్రాముల లోపే. అంటే నీటిలో జీవించేవాటి ఖజానా మొదటినుంచీ చిన్నదే. అది 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా జీవులకు ఊపిరి ఆడదు.

ఆక్సిజన్ అయిపోయాక మరో రకం బాక్టీరియా పని మొదలుపెడుతుంది. అది సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. నాచులోని మాంసకృత్తులు కుళ్ళి అమ్మోనియా వస్తుంది. నీటి క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది.

ఈ విషం ఎంత తీవ్రమైనదో ఫ్రాన్సు దేశపు బ్రిటనీ తీరంలో బయటపడింది. అక్కడ కూడా పొలాల నుంచి, పశువుల, పందుల పెంపకం నుంచి వచ్చే నైట్రేటు వల్ల ఉల్వా పోటు వస్తుంది. 2009లో ఒడ్డున కుళ్ళుతున్న నాచులో దిగబడిన గుర్రం ఒకటి ఆ వాయువుకు చనిపోయింది, దాని మీద వచ్చిన మనిషి స్పృహ తప్పాడు. 2011లో 36 అడవి పందులు చచ్చిపడ్డాయి. గుర్రం చస్తే వార్త అయింది. అదే నీటిలో గింజంత జీవులు లక్షల్లో చస్తే వార్త కాదు. తేడా అంతే.

గుడ్ల సంగతి మరీ ముఖ్యం. పెద్ద కోపిపాడ్ ఎంతో కొంత ఈది తప్పించుకోగలదు. గుడ్డు ఈదలేదు. కెలానస్ తన గుడ్లను మోసుకు తిరగదు, నీటిలో వదిలేస్తుంది. గుడ్డు నీటి కంటే కొంచెం బరువు కనుక మెల్లగా కిందికి దిగుతుంది. లోతులేని చోట అడుగున ఆక్సిజన్ లేకపోతే అది పొదగదు.

కాలం కూడా కలిసిరాలేదు. కెలానస్ సైనికస్ బాగా సంతానం కనేది వసంతం నుంచి వేసవి మొదలు వరకు. తరువాత ఎండలు ముదిరితే పసుపు సముద్రం నడుమ అడుగున ఉండే చల్లని నీటిలోకి పోయి, ఒంట్లో దాచుకున్న కొవ్వుతో కాలక్షేపం చేస్తుంది. ఆకుపచ్చ పోటు కూడా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో మొదలై జూన్, జూలైలలో ఉధృతమవుతుంది. గింజలు గాదెలో వేసుకోవలసిన రోజుల్లోనే కరువు వచ్చినట్లన్నమాట.

కుళ్ళడం పూర్తయ్యాక నాచులోని నత్రజని, భాస్వరం మళ్ళీ నీటిలో కలుస్తాయి. అప్పుడు వృక్ష ప్లవకాలు ఒక్కసారిగా పెరిగి కొన్నిసార్లు ఎర్ర పోటు రావచ్చు. తిండి తిరిగి వచ్చింది కదా అని సంతోషించడానికి లేదు. అలా పెరిగేవాటిలో కొన్ని జంతు ప్లవకాలకు పనికిరానివి, కొన్ని విషపూరితమైనవి.

ఉపగ్రహానికి కనబడనిది

నాచు ఎంత మేర పరుచుకుందో ఆకాశం నుంచి ఉపగ్రహం చూడగలదు. మన హైదరాబాదులో 1999లో ఏర్పాటైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం కూడా సముద్రపు రంగును, వేడిని ఉపగ్రహాల ద్వారా గమనించి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తోంది. కానీ కోపిపాడ్‌ను ఏ ఉపగ్రహమూ లెక్కపెట్టలేదు. అందుకు మనిషి పడవ ఎక్కాలి. సన్నని కన్నాల వలను నీటిలో లాగాలి. దొరికినవాటిని సీసాలో భద్రపరచి సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కించాలి.

లెక్కించినా తొందరపడి తీర్పు చెప్పకూడదు. నాచు కింద కోపిపాడ్‌లు తక్కువగా దొరికాయనుకోండి. అవి చచ్చి ఉండవచ్చు. పక్కకు పోయి ఉండవచ్చు. నాచు నీడన చేరిన చేపలు తినేసి ఉండవచ్చు. లేదా వేసవి వేడికి ఎప్పటిలాగే అడుగుకు దిగి ఉండవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు నాచు రాకముందు, ఉన్నప్పుడు, పోయాక చూస్తారు. నాచు ఉన్న చోటా, లేని చోటా చూస్తారు. అలా పోల్చి చూశాకే మాట్లాడతారు. ఈ ఓపిక మనం కూడా నేర్చుకోవలసినదే.

పరిష్కారం ఎక్కడ?

కుళ్ళే దశ అన్నిటికంటే ప్రమాదమని తెలిశాక పని ఎప్పుడు చేయాలో కూడా తెలుస్తుంది. ఒడ్డుకు చేరి కుళ్ళిన తరువాత ఎత్తిపోయడం కంటే పచ్చిగా ఉన్నప్పుడే సముద్రంలో తీసివేయడం మేలు. అంతకంటే మేలు పుట్టిన చోటనే ఆపడం. నోరి సాగు సామాన్లను పెందలాడే ఒడ్డుకు చేర్చడం, గీకిన నాచును నీళ్ళలో వదలకుండా పోగుచేయడం అలాంటివే. తీసిన నాచును ఎరువుగా, పశువుల దాణాగా వాడుకోవచ్చు.

నోరి రైతును దోషిగా నిలబెట్టడం మాత్రం సులువైన పని, న్యాయమైన పని కాదు. అది అతని బతుకుతెరువు. అతను వదిలిన గుప్పెడు నాచు పది లక్షల టన్నులు కావడానికి ఎరువు అందించింది ఎగువన ఉన్న పొలాలు, పట్టణాలు, ఫ్యాక్టరీలు. నీటిలోకి పోయే నత్రజని తగ్గనంతవరకు ఒడ్డున ఎంతమంది ఎత్తిపోసినా అది ఏటా చేసే చాకిరీ గానే మిగులుతుంది.

చేసి చూద్దాం

సముద్రం మనకు దూరమైనా సైక్లాప్స్ మన చెరువులో ఉంది. ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ముందుగా గుప్పెడు పచ్చ నాచును నీళ్ళు పోసిన సీసాలో వేసి, మూత పెట్టి, కుళ్ళేవరకు నాలుగైదు రోజులు చీకట్లో ఉంచండి. ఆ తరువాత ఒకే చెరువు నీటితో మూడు గాజు సీసాలు నింపండి. ఒక్కోదానిలో ఇరవై సైక్లాప్స్ చొప్పున వదలండి. మొదటి సీసాలో నాచు వేయవద్దు. రెండవదానిలో గుప్పెడు తాజా నాచు వేయండి. మూడవదానిలో కుళ్ళిన నాచు వేయండి. మూతికి పల్చని గుడ్డ కట్టి, మూడింటినీ ఒకే చోట ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచి, మూడు రోజులు ఉదయం, సాయంత్రం భూతద్దంతో చూసి ఎన్ని కదులుతున్నాయో నోటు పుస్తకంలో రాయండి.

జాగ్రత్తలు: వంటగదికి, తాగునీటి కుండలకు దూరంగా చేయాలి. కుళ్ళిన సీసా మూత ఆరుబయటే తీయాలి, ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. అయిపోయాక నీళ్ళను మట్టిలో పోసి చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఆలోచించండి

1. మొదటి సీసాలో నాచు ఎందుకు వేయలేదు? అది లేకపోతే మన లెక్కకు వచ్చే లోపం ఏమిటి?
2. రెండవ సీసాను తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడమంటే ఎందుకు?
3. నాచు పెరుగుదల రోజుకు నూటికి పది వంతులే అయితే ఎన్ని రోజుల్లో రెట్టింపు అవుతుంది?
4. మన ఊరి చెరువులో గుర్రపుడెక్క పెరగడానికి ఎరువు ఎక్కడి నుంచి వస్తోంది?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కాలవ వెంట నడిచి చూడాలి. వ్యవసాయ శాఖలోనో, మత్స్య శాఖలోనో, పంచాయతీలోనో ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు, అన్నలూ అక్కలూ, ఈ విషయంలో తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ దారి చూపాలని మా కోరిక.

బియ్యపు గింజలో సగం ఉన్న జీవి మీద నెత్తడి చేప, దాని మీద జాలరి ఇల్లు ఆధారపడి ఉన్నాయి. పైన కనబడేవాళ్ళ బతుకు కింద కనబడనివాళ్ళ మీద నిలబడి ఉంటుందని మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే నీటిని చూసినప్పుడు పైన ఉన్న పచ్చదనాన్ని చూసి ఆగిపోకుండా, ఒక్క చుక్క తీసి భూతద్దం కింద పెట్టి చూద్దాం.